అలిగిన నాటి సముద్రం

ఆమె ఏనాడూ ఎవరినీ పల్లెత్తు మాట అనలేదట. మొన్న సంతాప సభలో మైకు పట్టుకొని ఒక పెద్దమనిషి ఈ మాట అన్నాడు. ఆయన తర్వాత లేచినవాళ్లంతా ఆ మాటనే పట్టుకొని సాగదీశారు. ఒకరు శాంతమూర్తి అన్నారు. ఒకరు భూదేవికి ఉన్నంత ఓర్పు అన్నారు. ఇంకొకాయన ఆమె గొంతు గది దాటి బయటికి వినిపించేది కాదన్నాడు. వెనక వరసలో ఇనుప కుర్చీలో కూచొని వింటున్న నాకు ఒళ్లు మండిపోయింది. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు, సరే. మంచి చెప్పడానికి మనిషినే మార్చెయ్యాలా?

మా సోషల్ టీచరమ్మ శాంతమూర్తి అయితే మే నెలలో వరంగల్లు ఎండ వెన్నెల.

ఆమె ఎక్కడ పుట్టింది, ఎక్కడ చదివింది, ఏయే ఊళ్లలో ఉద్యోగం చేసింది, అన్నీ సభలో కాగితం చూసి చదివారు. వాటితో నాకు పనిలేదు. వరంగల్లులో మా ఆడపిల్లల హైస్కూల్లో ఆమె దగ్గర చదువుకున్నదాన్ని. నాకు తెలిసింది ఆమె కోపం. ఆ కోపం తీసేసి ఆమె గురించి ఏం చెప్పినా అది ఇంకెవరి గురించో చెప్పినట్టే ఉంటుంది.

ఆ కోపానికి ఒక పద్ధతి ఉండేది. ముందు కళ్లజోడు తీసేది. నల్ల ఫ్రేము, లావు అద్దాలు. చీర కొంగుతో వాటిని తుడిచేది. ఆ తుడవడం మొదలైతే చాలు, క్లాసంతా నోరు మూసుకునేది. తుడిచాక వాటిని పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకొని, "నాకు తెల్వకడుగుతాన" అని అందుకునేది. ఆ తర్వాత వచ్చేది తిట్టు కాదు, ప్రశ్న. జవాబు చెప్పేదాకా ఎదుటిమనిషిని కదలనిచ్చేది కాదు. పెద్ద టీచరమ్మకైనా, బడి గేటు దగ్గర రేగుపండ్లమ్మే ముసలామెకైనా అదే ప్రశ్న, అదే గొంతు. గది దాటకపోవడమేమిటి, ఆ గొంతు ప్రహరీ దాటి రోడ్డు మీది రిక్షావాళ్లకు కూడా వినిపించేది.

మాకూ అదే నేర్పింది. నా పక్కన కూచునే స్వరూపను ఒకరోజు లెక్కల సారు చెయ్యని తప్పుకు బెంచీ ఎక్కించాడు. ఏడ్చుకుంటూ వచ్చిన పిల్లను టీచరమ్మ ఓదార్చలేదు.

"ఏడ్వకు, తిట్టకు," అన్నది. "ముందుగాల అద్దాలు తుడుసుకో. నీకు అద్దాలు లేవు గద, ఓణితోని మొఖం తుడుసుకో. అటెంక పోయి అడుగు. తిడితే విని మర్సిపోతరు బిడ్డా. అడిగితే జవాబు చెప్పాలె."

స్వరూప ముఖం తుడుచుకొని వెళ్లి అడిగింది. లెక్కల సారు చాక్‌పీసు తెచ్చుకుంటానని బయటికి వెళ్లి గంట కొట్టేదాకా తిరిగి రాలేదు.

ఒకసారి మమ్మల్ని కోటకు తీసుకెళ్లింది. అక్కడ కీర్తితోరణం కింద ఎవరో ఒకాయన ఊరి నుంచి వచ్చిన చుట్టాలకు చెబుతున్నాడు, ఇదంతా రాజుగారు ఒక్క రాత్రిలో కట్టించాడని. మా టీచరమ్మకు ఆయన చుట్టం కాదు, పక్కం కాదు. మేం తెచ్చుకున్న ఉడకబెట్టిన శనగ గుడాల టిఫిన్లు ఇంకా విప్పనే లేదు. ఆమె కళ్లజోడు తీసింది. నాకు తెల్వకడుగుతాన, ఆ రాయి చెక్కినోళ్లకు నిద్ర లేదా, కూలి లేదా, పెండ్లాం పిల్లలు లేరా అని అడిగింది. ఆయన పాపం ఏదో పుణ్యానికి చెప్పాను తల్లీ అన్నాడు. అబద్ధంలో పుణ్యం ఏ మూల ఉన్నదో చూపించమంది. ఆ చుట్టాలు కోట చూడ్డం మానేసి ఈమెను చూస్తూ నిలబడ్డారు.

ఇట్లాంటి మనిషికి బోర్డు దగ్గర మాత్రం ఒక సంబరం ఉండేది. పుస్తకం చూడకుండా, బోర్డు వైపు సరిగ్గా తిరగకుండా కూడా తెలుగునేల పటం గీసేది. గోదావరి, కృష్ణ, మన వరంగల్లు చుక్క, అన్నీ తెల్ల చాక్‌పీసుతో. చివరికి కుడిపక్క సముద్రానికి మాత్రం నీలిరంగు చాక్‌పీసు. అది బడి ఇచ్చేది కాదు, ఆమె కొనుక్కునేది. దాన్ని అడ్డంగా పట్టుకొని బోర్డు అంచుదాకా రుద్ది రుద్ది నింపేది. ఆ పొడి కొంగు నిండా పడేది. అదే కొంగుతో కళ్లద్దాలు తుడిచేది కాబట్టి ఆమె అద్దాలు ఎప్పుడూ కొంచెం నీలంగా ఉండేవి.

అన్నేళ్లు బోర్డు మీద సముద్రం నింపిన మనిషి సముద్రాన్ని చూడలేదు. ఆ సంగతి ఆమే చెప్పింది. చెప్పి ఊరుకోలేదు, కోపం తెచ్చుకుంది. మన కాకతీయులకు చెరువులున్నాయి, కోటలున్నాయి, గుళ్లున్నాయని పుస్తకంలో రాస్తారు, వాళ్లకొక రేవు ఉండేదని మనకెవరూ గట్టిగా చెప్పరే అన్నది. మోటుపల్లి అని, కోస్తాలో ఎక్కడో మూలన, ఇప్పుడు ఓడలూ లేవు, సంతలూ లేవు, ఇసుక మిగిలిన ఊరు. అక్కడి గుడి మంటపంలో మన రాజు వేయించిన శాసనం ఉందట. వరంగల్లు పిల్లలు దాన్ని చూడకపోతే ఎవరు చూడాలి అన్నది. అట్లా ఆ ఏడాది దసరా సెలవుల్లో మమ్మల్ని మోటుపల్లి తీసుకెళ్తానని ప్రకటించింది.

బడికి బడే అదిరిపోయింది. అప్పటిదాకా ఎక్స్‌కర్షన్ అంటే పాకాల, లేదంటే రామప్ప. పొద్దున పోయి పొద్దుగూకేలోగా వచ్చేవాళ్లం. తల్లిదండ్రులను పిలిచి వరండాలో కూచోబెట్టారు. దివిసీమ ఉప్పెన వచ్చి అప్పటికి ఎన్నో ఏళ్లు కాలేదు. ఊళ్లకు ఊళ్లు మింగిన సముద్రానికి ఎదిగిన ఆడపిల్లల్ని పంపడమా అన్నారు. పైగా బతుకమ్మ రోజులు. అందరికంటే ముందు లేచి వద్దన్నది స్వరూప వాళ్ల నాయన. కొత్తవాడలో ఆయనకు మగ్గాలుండేవి, జంపఖానాలు నేయించి అమ్మేవాడు. బడి కమిటీలో ఆయన మాటే చెల్లేది. మొన్న సభలో పల్లెత్తు మాట అనలేదన్న పెద్దమనిషి కూడా ఆయనే.

టీచరమ్మ కళ్లజోడు తీసింది. మేం కిటికీ చువ్వలు పట్టుకొని చూస్తున్నాం.

"నాకు తెల్వకడుగుతాన," అన్నది. "మీ జంపఖానాలు ఓడలెక్కి పోతానయని మీరే చెప్తరు గద. జంపఖానా సముద్రం దాటొచ్చు. మీ బిడ్డ ఒడ్డుకు నిలవడి సూడొద్దా?"

ఆయన చుట్టూ కూచున్నవాళ్ల ముఖాలు చూశాడు. నలుగురిలో నవ్వులపాలు కావడం ఇష్టంలేక సరే పొమ్మన్నాడు, పరుచుకోవడానికి రెండు జంపఖానాలు కూడా ఇస్తానన్నాడు. కానీ ఒక షరతు పెట్టాడు. పిల్లలకు బతుకమ్మ తప్పకూడదు, చివరి రోజైన సద్దుల నాటికి ఇళ్లల్లో ఉండాలి. టీచరమ్మ వేళ్ల మీద లెక్కపెట్టి, ఐదోనాడు అట్ల బతుకమ్మ సముద్రం ఒడ్డున ఆడతాం, ఆరోనాడు అలిగిన బతుకమ్మ, ఎట్లాగూ పేర్చేది లేదు కాబట్టి ఆరోజు తిరుగు ప్రయాణంలో ఉంటాం అన్నది. లెక్క అందరికీ నచ్చింది.

తెలియనివాళ్లకు చెప్పాలి. మా బతుకమ్మ తొమ్మిది రోజుల పండుగ. రోజూ పూలు పేర్చి, చుట్టూ తిరిగి ఆడి, నీళ్లలో సాగనంపుతాం. ఆరోనాడు మాత్రం అమ్మవారు అలుగుతుంది. ఆ రోజు పేర్చరు, ఆడరు. టీచరమ్మకు ఆ తొమ్మిదింటిలో అదే ఇష్టమైన రోజు. ఆడదాని కోపానికి పండుగలోనే ఒక రోజు రాసిపెట్టారు, మన పెద్దవాళ్లు బుద్ధిమంతులు అనేది.

తడి గోనెసంచుల్లో తంగేడు, గునుగు, బంతి నింపుకొని నాలుగోనాడు రైలెక్కాం. తోడుకు కుట్టు టీచరమ్మ వచ్చింది. దారిలో వాన. ఎక్కడో పట్టాల కింద మట్టి కొట్టుకుపోయిందని రైలును గంటలకు గంటలు ఆపేశారు. బెజవాడ చేరేసరికే ఐదోనాటి పొద్దు గూకింది. జంపఖానాల మీద ప్లాట్‌ఫారం మీదే పడుకున్నాం. టీచరమ్మ నల్లా నీళ్లు తెచ్చి సంచుల మీద చల్లుతూ, రైల్వే వాళ్లను ఒక్కొక్కరినే పిలిచి ప్రశ్నలు అడిగింది. వాళ్లు ఆ స్టేషన్‌లో మా వైపు రావడం మానేశారు.

ఆరోనాడు మధ్యాహ్నానికి మోటుపల్లిలో ఉన్నాం. సముద్రం దగ్గరికి ముందు పోదామని మేం గోల చేస్తే, పద్ధతిగా శాసనం ముందు అని గుడికి నడిపించింది. మంటపంలో రాతిస్తంభం, దాని మీద అక్షరాలు. ఆ పాత అక్షరాలు ఆమెకు చదవరావు, మాకు అసలే రావు. కానీ అందులో ఉన్నది ఆమెకు నోటికి వచ్చు. స్తంభం మీద చెయ్యి వేసి చెప్పింది. తుపానుకు ఓడ పగిలితే ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకంతా రాజుదే అని వెనుకటి రాజులు లాగేసుకునేవాళ్లట. ప్రాణానికి తెగించి సముద్రం మీద వచ్చినవాళ్లను ఇట్లా దోచుకోవడం ధర్మం కాదని మన రాజు ఆ పద్ధతి ఎత్తేశాడట. సుంకం కట్టండి చాలు, మీ సొమ్ము మీదే, భయపడకండి అని రాయి మీద చెక్కించాడట. "దెబ్బతిని ఒడ్డుకొచ్చినదాని మీద ఎవ్వలు చెయ్యి వెయ్యొద్దు. గంతే. గింత మాట చెప్పనీకి ఒక రాజు కావాల్సి వచ్చింది," అన్నది. అప్పుడు కూడా ఎవరి మీదో కోపంగానే ఉంది. ఏడు వందల ఏళ్ల కిందటి రాజుల మీద కావచ్చు.

తర్వాత ఇసుకలో నడిచి, సరుగుడు తోట దాటి సముద్రం ముందుకు వచ్చాం. మాకు చప్పుడు ముందే వినిపించింది గానీ అది గాలి అనుకున్నాం. నీళ్లు అట్లా లేచి నిలబడతాయని మాలో ఎవరికీ తెలియదు. తడి ఇసుక నిండా ఎర్రటి ఎండ్రకాయలు. మా అడుగుల చప్పుడుకు అన్నీ ఒక్కసారి బొరియల్లోకి దూరి, మేం కదలకుండా నిలబడితే మళ్లీ కళ్లు పైకి పెట్టి చూసేవి. సన్నకాళ్ల పిట్టలు గుంపుగా అల వెనకాలే పరుగెత్తి, అల తిరిగి రాగానే పరుగెత్తి వెనక్కి వచ్చేవి. స్వరూప నా చెయ్యి పట్టుకొని గోళ్లు దిగేట్టు నొక్కుతోంది. అందరం టీచరమ్మ వైపు చూశాం.

ఆమె కళ్లజోడు తీసింది. కొంగుతో చాలాసేపు తుడిచింది. ఇక్కడ ఎవరిని అడుగుతుందా అని మేం భయం భయంగా చూస్తుంటే సముద్రం వైపు తిరిగి, "నాకు తెల్వకడుగుతాన, గిన్నేండ్లసంది యాడున్నవే నువ్వు?" అన్నది. ఆమె ముఖం తడిగా ఉండడం నేను చూశాను. ఉప్పుగాలికి అట్లా అవుతుందేమో నాకు తెలియదు.

చిక్కంతా పూల దగ్గర వచ్చింది. సంచులు విప్పితే తంగేడు అప్పటికే రాలుతోంది. ఈరోజు అలిగిన బతుకమ్మ, పేర్చొద్దని కుట్టు టీచరమ్మ గట్టిగా అన్నది. మాలో సగం మంది అదే అన్నాం. టీచరమ్మ రాలిన తంగేడును దోసిట్లోకి తీసుకుంది. పూలు రేపటికి మిగలవు, ఇక్కడికి మళ్లీ రాము అన్నది. అలిగిన నాడు పేర్చొద్దన్నారు గానీ అలిగినదాన్ని పలకరించొద్దని ఎవరన్నా అన్నారా అన్నది. తానే ఇసుకలో కూచొని పళ్లెంలో ఆకు పరిచి మొదటి వరస గునుగు పేర్చింది. ఇక మేం ఆగలేదు.

పక్కనే ఉన్న పల్లెపాలెం ఆడవాళ్లు చేపలు ఆరబెట్టడం ఆపి వచ్చారు. పూలకు పూజ చేయడం ఏమిటో, ఈ చప్పట్లు ఏమిటో వాళ్లకు తెలియదు. మా మాటా వాళ్లకు సగమే అర్థమైంది. అయినా ఒక ముసలామె ముందు మా వరసలో చేరింది, తర్వాత అందరూ చేరారు. ఆడినంతసేపు ఆడి, బతుకమ్మను ఎత్తుకొని మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి, చెరువులో వదిలినట్టే వదిలాం.

చెరువైతే మెల్లగా లోపలికి పోతుంది. సముద్రం దాన్ని తెచ్చి మా కాళ్ల దగ్గర పడేసింది.

ఇంకోసారి వదిలాం. ఈసారి అల దాన్ని విరగ్గొట్టి తెచ్చింది. స్వరూప ఏడుపు అందుకుంది. సాగనంపిన బతుకమ్మ వెనక్కి రావడం మేం పుట్టి పెరిగి ఎరగం. అమ్మవారు మమ్మల్ని వద్దన్నదనే అనుకున్నాం. ఒక్కొక్కరే ఏడవడం మొదలుపెట్టాం. అప్పుడా ముసలామె, మా మగవాళ్లు పడవలో తీసుకుపోయి లోపల వదులుతారు, దిగులు పడకండి అన్నది. పిల్లలు కూడా పడవలో వస్తారని టీచరమ్మ అన్నది. ముసలామె నాలుక కరుచుకుంది.

"ఆడోళ్లు పడవెక్కకూడదమ్మా. గంగమ్మకి కోపం వస్తది."

"మీ గంగమ్మకు కోపమే, మా బతుకమ్మకు కోపమే," అన్నది టీచరమ్మ. "నాకు తెల్వకడుగుతాన, ఇద్దరు ఆడోళ్లు కోపంగ ఉన్నకాడ నడుమ మొగోళ్లకేం పని?"

ముసలామె ముందు నోరు తెరిచి చూసి, తర్వాత పగలబడి నవ్వింది. పాలెం ఆడవాళ్లంతా నవ్వారు. ఏడుస్తున్న మాకూ నవ్వు వచ్చింది. టీచరమ్మ మాత్రం నవ్వలేదు. తడి చీరతో ఇసుకలో కూచొని మమ్మల్ని చుట్టూ కూచోమంది.

"అమ్మ అలిగింది," అన్నది. "అలిగినోళ్లను సాగనంపుతే పోతరా? బతిమాలుకొని ఇంటికి తోలుకపోవాలె. ఇందాక రాయి మీద ఏం ఉన్నదని చెప్పిన? దెబ్బతిని ఒడ్డుకొచ్చింది ఎవ్వలదైతే వాళ్లదే. ఇది మనది. ఏరుకోండ్రి."

ఎండ్రకాయలు అప్పటికే ఒక్కో తంగేడు రేకు పట్టుకొని బొరియల్లోకి లాగుతున్నాయి. వాటితో పోటీపడి పూలు ఏరాం. చేతిరుమాళ్లలో, ఓణీ చెంగుల్లో మూట కట్టుకున్నాం. ఏడ్చినవాళ్లెవరో, నవ్వినవాళ్లెవరో ఆ తర్వాత ఎవరికీ గుర్తులేదు. తిరుగు రైల్లో నిద్రపోకుండా పాడుతూనే ఉన్నాం.

ఇంటికి వచ్చాక మొదలైంది. నీళ్లలో వదిలిన పూలు ఇంట్లోకి తెచ్చారా అని తల్లులు గుండెలు బాదుకున్నారు. మా అమ్మ నన్ను నాలుగు తిట్టింది. అయితే వాటిని చెత్తలో వెయ్యలేదు. మూట అట్లాగే దాచి, సద్దుల నాడు మా పెద్ద బతుకమ్మ వెనకాల భద్రకాళి చెరువులో తన చేత్తోనే వదిలింది. వదులుతూ, అలక తీరిందా తల్లీ అన్నది. కోపంగానే అన్నది.

అందరి ఇళ్లూ మా ఇల్లు కాదు. స్వరూప నాయనమ్మ అంతకు చాలా రోజుల ముందు నుంచి మంచం మీద ఉంది. దసరా వెళ్లిన వారంలో పోయింది. ఆమె వయసు ఆమెది, జబ్బు ఆమెది. కానీ స్వరూప వాళ్ల నాయన బడికి వచ్చి, అలిగిన నాడు బతుకమ్మ పేర్చి, తిరిగొచ్చినదాన్ని ఇంట్లోకి తెప్పించి తన తల్లిని పొట్టన పెట్టుకుందన్నాడు. టీచరమ్మ గుడి ముందర నలుగురిలో తప్పయిందని చెప్పి, శాంతి చేయించాలన్నాడు. ఆయన దుఃఖంలో ఉన్నాడని నేను ఇప్పటికీ ఒప్పుకుంటాను. కానీ ఆ దుఃఖం ఒక పక్కన, వరండాలో అందరి ముందు జవాబు లేక నిలబడిన రోజు ఇంకో పక్కన. ఏది ఎక్కువ బరువో నాకు అప్పుడే తెలుసు.

పెద్ద టీచరమ్మ బతిమాలింది. ఒక్క మాట అనేస్తే పోతుంది గదా అన్నది. తోటి టీచర్లు, ఇప్పుడు సభలో ఓర్పు అన్నవాళ్లే, వంగితే పోయేదేముందన్నారు. టీచరమ్మ కళ్లజోడు తీసి, ఏం తప్పు చేశానో చెప్పండి, అదే తప్పని ఒప్పుకుంటాను అన్నది. పిల్లలకు సముద్రం చూపించడం తప్పా, ఏడ్చే పిల్లలను నవ్వించడం తప్పా, రైలు ఆగిపోవడం తప్పా అని అడిగింది. జవాబు చెప్పలేనివాళ్లు చేసే పని ఒకటుంది, అది చేశారు. సంక్రాంతి కూడా రాకముందే ఆమెను ఏటూరునాగారం అవతల అడవి ఊరికి బదిలీ చేయించారు. ఏడాది మధ్యలో, చదువు సగంలో.

బస్టాండుకు మేం నలుగురైదుగురం వెళ్లాం. పూలదండ కొనాలని అనుకున్నాం గానీ పూలంటేనే భయమేసింది. ట్రంకుపెట్టె మీద కూచున్న ఆమె మమ్మల్ని చూడగానే కళ్లజోడు తీసింది. నాకు తెల్వకడుగుతాన, మీకు ఇయ్యాల బడి లేదా అన్నది. అంతే. బస్సు ఎక్కి కిటికీ వైపు కూచోలేదు.

తర్వాత కొన్నేళ్లకు ఒక్కసారే కనిపించింది. నేను కాలేజీలో చదువుతున్నాను. వరంగల్లు చౌరస్తాలో ఒక పుస్తకాల దుకాణంలో నీలిరంగు చాక్‌పీసులు లేవన్న కుర్రాణ్ణి ఎందుకు లేవో చెప్పమంటోంది. జుట్టు బాగా నెరిసింది. నన్ను గుర్తుపట్టింది. అడవిలో ఎట్లా ఉన్నారు టీచర్, కష్టంగా లేదా అన్నాను. నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

"మా ఊరి పక్కపొంటే గోదారి పోతాంది. గోదారి ఎటు పోతది? సముద్రానికే గద. నన్ను దూరం తోలినమనుకుంటాండ్రు. ఇంక జర దగ్గరికే తోలిన్రు."

ఆమె మాటల్లో నాకు మిగిలిన చివరిది అదే. రిటైరయ్యి హన్మకొండలో ఉంటోందని విన్నాను. చూడాలి చూడాలి అనుకుంటుండగానే పోయిందన్న కబురు వచ్చింది. మా పాత బడిలోనే సంతాప సభ పెట్టారు. ఏ వరండాలో ఆమెను నిలదీశారో ఆ వరండా ముందరే టెంటు వేశారు. ఏ నోటితో గెంటించారో ఆ నోటితోనే శాంతమూర్తి అన్నారు. కోపం ఉన్న మనిషిగా ఆమెను ఒప్పుకుంటే ఆ కోపం ఎవరి మీదో చెప్పాలి. అందుకని బతికినన్నాళ్లూ ఆమె చేసిన పనిని చచ్చాక ఒక్క ముక్కలో తుడిచేశారు. అది నాకు దొంగతనంలాగే కనిపించింది.

స్వరూప నా పక్కనే కూచుంది. పెళ్లయి, ఇద్దరు పిల్లల తల్లి. వేదిక మీద వాళ్ల నాయన, ఆయన పక్కన కుర్చీలో దండ వేసిన టీచరమ్మ ఫొటో. రిటైర్మెంటు అప్పుడు స్టూడియోలో తీయించిందట. లైటు మెరుస్తోందని ఫొటో తీసేవాడు అద్దాలు తీయించాడట. ఆ ప్రశాంతమైన కళ్లు చూడండి అని మైకులో ఎవరో అంటున్నారు. స్వరూప ఆ ఫొటోను చాలాసేపు చూసి నా చెవిలో, "అద్దాలు తీసింది, సూసినవా?" అన్నది. అప్పుడు నేనూ చూశాను. కళ్లజోడు చేతిలో పట్టుకొని, ఇంకో క్షణంలో నోరు తెరవబోయే ముఖం అది. మేం ఎరిగిన ముఖం.

పాత విద్యార్థినులు ఎవరన్నా రెండు ముక్కలు మాట్లాడండి అన్నారు. స్వరూప లేచింది. ఆ పిల్ల నలుగురిలో మాట్లాడగా నేను చూసింది ఒక్కసారే, లెక్కల సారు దగ్గర. మైకు ముందు నిలబడి ముందుగా కొంగుతో ముఖం తుడుచుకుంది. ఏడుస్తోందనుకున్నారు, ముందు వరసలో ఒకామె నీళ్లు అందించబోయింది. స్వరూప వద్దన్నది. ఫొటో వైపు కాదు, పక్క కుర్చీలో ఉన్న తండ్రి వైపు తిరిగింది.

"నాకు తెల్వకడుగుతాన నాయినా," అన్నది. "పల్లెత్తు మాట అననామెను ఏటూరునాగారం ఎందుకు తోలిచ్చినవ్?"

స్వరూప తిట్టి ఉంటే ఆయన తల దించుకొని వినేవాడు, సాయంత్రానికి మర్చిపోయేవాడు. అడిగింది. మైకు స్టాండును జరిపి ఆయన ముందు పెట్టి, వచ్చి నా పక్కన కూచుంది. వెనక వరసల్లో ఉన్న మేమందరం, టీచరమ్మ దగ్గర చదువుకున్నవాళ్లం, చేతులు ఒళ్లో పెట్టుకొని సరిగ్గా కూచున్నాం. జవాబు వచ్చేదాకా లేవదలుచుకోలేదు.